ఎర్రపేజీ వెనుక పనితనం

నాలుగైదు వాక్యాలకు మించని ఒక పేజీని ఈ వ్యాసంలో పరిచయం చేయాలనుకుంటున్నాను. కంప్యూటర్ ముందు కూర్చునే అలవాటున్న వాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు దాన్ని చూసే ఉంటారు. తెరంతా ముదురు ఎరుపు. మధ్యలో తెల్లటి అక్షరాల్లో, మీరు వెళ్లబోతున్న సైటులో మాల్‌వేర్, అంటే హాని చేసే ప్రోగ్రాము, ఉందని ఒక మాట. దాని కింద, అది మీ ఫొటోలనీ పాస్‌వర్డులనీ కార్డు నంబర్లనీ దోచుకుపోవచ్చని ఇంకో మాట. వెనక్కి వెళ్లడానికి ఒక బటన్. కనపడగానే ఉలిక్కిపడి వెనక్కి వెళ్లిపోతాం కాబట్టి దాన్ని తీరిగ్గా చదివేవాళ్లు అరుదు. నేను తీరిగ్గా చదివాను. దాని వెనుక ఎంత పని జరిగిందో తెలిశాక ఆ పేజీ మీద నాకు గౌరవం కలిగింది. ఆ గౌరవంతోనే రాస్తున్నాను.

అడిక్‌మెట్, విద్యానగర్, తార్నాక. హైదరాబాద్‌లో ఉస్మానియా క్యాంపస్‌ని ఆనుకుని ఉన్న ఈ వీధుల్లో జిరాక్స్, నెట్ సెంటర్లకు కొదవ లేదు. జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉంటూ గ్రూప్స్‌కి, డీఎస్సీకి, ఎస్సై పరీక్షలకి చదివే పిల్లలు అక్కడికి వస్తారు. హాల్‌టికెట్ తీసుకోవాలి, స్కాలర్‌షిప్ ఫారం నింపాలి, సెమిస్టర్ ఫలితం చూడాలి. ఫలితాలు వచ్చిన రోజు అసలు సైటు తెరుచుకోదు. దాంతో సెర్చిలో ముందు కనపడ్డ ఏదో ఒక సైటులోకి వెళ్తారు. ఆ పేజీ నిండా ప్రకటనలే. ఆకుపచ్చ రంగులో 'డౌన్‌లోడ్' అని మూడు బటన్లు కనపడతాయి, మూడూ ప్రకటనలే. అసలు లింకు ఎక్కడో కింద సన్నటి అక్షరాల్లో ఉంటుంది. ఒకటి నొక్కితే ఇంకో కిటికీ తెరుచుకుని, నోటిఫికేషన్లకు 'అలౌ' నొక్కమని అడుగుతుంది. ఇంకోటి నొక్కితే మీ ఫోన్‌లో వైరస్ ఉందంటుంది. ఇదే కంప్యూటర్‌లో కాసేపటి క్రితం ఎవరో తమ ఆధార్ కాపీని, మార్కుల మెమోని, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీని అప్‌లోడ్ చేసి వెళ్లారు. ఇలాంటి చోట ఎర్రపేజీ ఒక్కసారి సరైన క్షణంలో అడ్డుపడితే ఎంత మేలో వేరే చెప్పక్కర్లేదు.

ముందు, అది దేనికి అడ్డుపడుతుందో చూద్దాం.

సైటు మంచిదే అయినా అందులో కనపడే ప్రకటన ఆ సైటు వాళ్ల చేతుల్లో ఉండదు. వాళ్లు పేజీలో కొంత చోటు వదిలి, అక్కడ ఒక ప్రకటనల కంపెనీ ఇచ్చిన ఒక లైను కోడ్ పెడతారు. ఆ కంపెనీ ఆ చోటును ఇంకో కంపెనీకి, అది మరోదానికి అమ్ముకుంటుంది. చివరికి అక్కడికి ఏమొచ్చి చేరుతుందో సైటు యజమానికి తెలియదు. దీన్ని మొదట గట్టిగా, లెక్కలతో చూపించిన పరిశోధన పత్రం 2007లో వచ్చిన 'ది ఘోస్ట్ ఇన్ ది బ్రౌజర్'. గూగుల్‌లో పనిచేసే ఐదుగురు రాశారు. నీల్స్ ప్రోవోస్ మొదటి రచయిత. చివరి పేరు నాగేంద్ర మోదడుగు. ఆ ఇంటిపేరు మనకు చిరపరిచితం కనుక ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఆ పత్రంలో ఒక ఉదాహరణ ఉంది. 2006 డిసెంబరులో ఒక వీడియో సైటులో ఒక బ్యానర్ ప్రకటన కనపడింది. అది పెద్ద అమెరికన్ ప్రకటనల కంపెనీ ఇచ్చినదే. ఇచ్చింది ఒకే ఒక లైను జావాస్క్రిప్ట్. అది నడిస్తే ఇంకో పెద్ద అమెరికన్ కంపెనీ నుంచి మరికొంత జావాస్క్రిప్ట్ వచ్చింది. అది ఒక చిన్న అమెరికన్ కంపెనీ దగ్గరికి పంపింది. చూసేవాళ్లు ఏ దేశంలో ఉన్నారో గమనించి ప్రకటనలు ఇవ్వడం ఆ చిన్న కంపెనీ పద్ధతి. అది ఒక ఐఫ్రేమ్ ఇచ్చింది. ఐఫ్రేమ్ అంటే పేజీలోపల ఇంకో పేజీ తెరిచే కిటికీ. ఆ కిటికీ రష్యాలోని ఒక ప్రకటనల కంపెనీకి తెరుచుకుంది. అక్కడి నుంచి పేరు కూడా లేని, ఒట్టి అంకెల చిరునామాకి మళ్లించారు. ఆ అంకెల వెనుక గిలికి దాచిన కోడ్ ఉంది. అది బ్రౌజర్‌లోని లోపాల్ని ఒకదాని తర్వాత ఒకటి పరీక్షించి, దొరికిన దాంట్లోంచి దూరి, కంప్యూటర్‌లో మాల్‌వేర్‌ని దించేసింది. వీడియో చూడ్డానికి వచ్చిన మనిషి దేన్నీ నొక్కలేదు. పేజీ తెరవడమే అతను చేసిన పని. దీన్నే డ్రైవ్-బై డౌన్‌లోడ్ అంటారు.

ఈ గొలుసులో ఎవర్ని తప్పుపట్టాలి? మొదటి కంపెనీకి మూడోది తెలియదు. మూడోదానికి ఐదోది తెలియదు. ఒకరి మీద ఒకరు పెట్టుకున్న నమ్మకమే దొంగలకు దారి అయింది. 2009 సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్ సైటుకే ఇది జరిగింది. పేరున్న ఒక ఫోన్ కంపెనీ తరఫున వచ్చామని చెప్పి కొందరు ప్రకటన చోటు కొన్నారు. కొన్నాళ్లు మామూలు ప్రకటనే నడిపి, ఒక వారాంతంలో దాని చోట, మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది మా యాంటీవైరస్ కొనండి అనే బెదిరింపు పెట్టారు. అంత పెద్ద పత్రికకే తప్పనిది ఫలితాల సైట్లకు తప్పుతుందా?

ప్రోవోస్ బృందం దీన్ని పట్టిన తీరు ముచ్చటైనది. కోట్లాది పేజీల్లోంచి అనుమానం కలిగించేవాటిని ముందు యంత్రాలతో వడపోశారు. మిగిలిన 45 లక్షల చిరునామాల్ని ఒక్కొక్కటిగా, కంప్యూటర్‌లోపల సృష్టించిన నకిలీ కంప్యూటర్లలో తెరిచారు. ఆ నకిలీ కంప్యూటర్లలో కావాలనే లోపాలు సరిచేయని పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పెట్టారు. పేజీ తెరిచాక ఏమీ నొక్కకుండా ఊరికే చూశారు. కొత్త ప్రోగ్రాములు వాటంతటవే మొదలయ్యాయా? విండోస్ అమరికలు ఉండే రిజిస్ట్రీలో మార్పులు జరిగాయా? కొత్త ఫైళ్లు వచ్చి పడ్డాయా? మనిషి ప్రమేయం లేకుండా ఇవి జరిగితే పేజీ చెడ్డదని తేలినట్టే. అలా తేలినవి నాలుగున్నర లక్షలు. మరుసటి ఏడాది వాళ్లలో కొందరు ఇతరులతో కలిసి రాసిన ఇంకో పత్రం, గూగుల్‌కి వచ్చే వెతుకులాటల్లో 1.3 శాతానికి జవాబుల్లో కనీసం ఒక్క చెడ్డ చిరునామా అయినా ఉంటోందని చెప్పింది.

చెడ్డ చిరునామాల జాబితా తయారైంది. దాన్ని కోట్లమంది బ్రౌజర్లకు ఎలా అందించాలి? నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్న పనితనం ఇక్కడే ఉంది.

తేలికైన దారి ఒకటుంది. మనం ఏ చిరునామా తెరిచినా దాన్ని గూగుల్‌కి పంపి, ఇది మంచిదా చెడ్డదా అని అడగడం. కానీ అలా చేస్తే మనం రోజంతా ఎక్కడెక్కడ తిరిగామో ఒక కంపెనీ దగ్గర పోగుపడుతుంది. పైగా ప్రతి పేజీకీ ఆలస్యం. 'సేఫ్ బ్రౌజింగ్' అనే ఈ ఏర్పాటును రూపొందించినవాళ్లు ఇంకో దారి పట్టారు. పూర్వం పదో తరగతి ఫలితాలు దినపత్రికల్లో హాల్‌టికెట్ నంబర్లుగా అచ్చయ్యేవి. పేపరు ఇంటికొచ్చేది. ఎవరి నంబరు వాళ్లు వెతుక్కునేవాళ్లు. ఎవరు ఏ నంబరు వెతికారో పేపరువాళ్లకు తెలిసే అవకాశమే లేదు. సరిగ్గా అలాగే జాబితానే మన బ్రౌజర్‌కి పంపేస్తారు. వెతకడం మన కంప్యూటర్‌లోనే జరిగిపోతుంది.

పంపేది చిరునామాల్ని కూడా కాదు. ప్రతి చిరునామానీ ఎస్‌హెచ్ఏ-256 అనే గణితసూత్రంలో వేస్తారు. 256 బిట్ల పొడవున్న ఒక సంఖ్య వస్తుంది. దాన్ని హ్యాష్ అంటారు. చిరునామాలో ఒక్క అక్షరం మారినా హ్యాష్ మొత్తం మారిపోతుంది. హ్యాష్ నుంచి వెనక్కి వెళ్లి చిరునామా కనుక్కోవడం కుదరదు. ఆ 256 బిట్లలో మొదటి 32 మాత్రమే జాబితాలో ఉంచుతారు. అందువల్ల జాబితా చిన్నదవుతుంది, ఫోన్‌లో కూడా ఇముడుతుంది. 32 బిట్లతో వచ్చే సంఖ్యలు దాదాపు 429 కోట్లు. ప్రపంచంలో ఉన్న వెబ్ చిరునామాలు అంతకన్నా చాలా ఎక్కువ. కాబట్టి ఒక్కో ముక్క ఎన్నో చిరునామాలకు సరిపోతుంది.

మనం తెరిచిన పేజీ ముక్క జాబితాలో లేదా, పని అయిపోయింది. బయటికి ఒక్క మాట కూడా పోలేదు. ఉంటే అప్పుడు మాత్రం బ్రౌజర్ ఆ 32 బిట్ల ముక్కను సర్వర్‌కి పంపుతుంది. సర్వర్ ఆ ముక్కతో మొదలయ్యే పూర్తి హ్యాష్‌లన్నీ తిరిగి ఇస్తుంది. సరిపోల్చుకోవడం మళ్లీ మన దగ్గరే. ఆ ముక్కను చూసి మనం ఏ పేజీలో ఉన్నామో సర్వర్ కచ్చితంగా చెప్పలేదు. కాపలా కాయాలి, కాపలా కాస్తున్నవాళ్ల గడప దాటి ఎవరెవరు వెళ్లారో మాత్రం రాసుకోకూడదు. ఈ నియమాన్ని ముందు పెట్టుకుని యంత్రాన్ని కట్టారు. రహస్యం పూర్తిగా నిలుస్తుందని దీనర్థం కాదు. కానీ తేలికైన దారి కళ్లెదుట ఉండగా ఇంత శ్రమపడ్డారంటే అది మెచ్చుకోవలసిన సంగతే.

ఇందులో ఇంకో సూక్ష్మం ఉంది. దొంగలు తమ చిరునామాని రోజుకో రకంగా మారుస్తారు. చివర ప్రశ్నగుర్తు పెట్టి ఏవో అంకెలు తగిలిస్తారు, ముందు కొత్త పేరు చేరుస్తారు. అందుకని బ్రౌజర్ ఒక చిరునామాని ఒకే రూపంలో చూసి ఊరుకోదు. మొదట దాన్ని ఒక పద్ధతిలోకి తెస్తుంది. తర్వాత ప్రశ్నగుర్తు నుంచి చివరి దాకా తీసేసి ఒకసారి, ఫోల్డర్ల వరకే ఉంచి ఒకసారి, సైటు పేరు మాత్రమే ఉంచి ఒకసారి చూస్తుంది. ఆ పైన సైటు పేరులో ముందున్న భాగాల్ని ఒక్కొక్కటీ తీసేస్తూ ఇదంతా మళ్లీ చేస్తుంది. సైటు పేరుకి ఐదు రూపాలు, దారికి ఆరు రూపాలు, మొత్తం 30 వరకూ కలయికలు. అన్నిటికీ హ్యాష్ కట్టి జాబితాలో వెతుకుతుంది. ఇదంతా అయ్యేసరికి మనకు రెప్పపాటు కూడా తెలియదు.

చెడ్డ చిరునామాల జాబితా ఒకసారి బెడిసికొట్టింది. 2009 జనవరి 31, శనివారం. మన దేశంలో రాత్రి ఎనిమిది గంటల వేళ. గూగుల్‌లో ఏది వెతికినా వచ్చిన ప్రతి జవాబు కిందా 'ఈ సైటు మీ కంప్యూటర్‌కి హాని చేయవచ్చు' అన్న హెచ్చరిక కనపడింది. గంటకి కాస్త తక్కువసేపు ప్రపంచంలోని సైట్లన్నీ చెడ్డవైపోయాయి. చెడ్డ చిరునామాల జాబితాలో ఎవరో పొరపాటున '/' అనే ఒక్క గీతని చేర్చారు. ప్రతి చిరునామాలోనూ ఆ గీత ఉంటుంది కాబట్టి ప్రతి సైటూ జాబితాలోకి వచ్చేసింది. కంపెనీ అదే రోజు తప్పు ఒప్పుకుని, ఏ అక్షరం వల్ల జరిగిందో బహిరంగంగా చెప్పింది. తప్పును ఇంత విప్పి చెప్పడం కూడా పనితనంలో భాగమేనని నా అభిప్రాయం. హెచ్చరిక చేసేవాళ్ల మాటకు విలువ ఉండాలంటే వాళ్ల పొరపాట్లు కూడా జనానికి తెలియాలి.

2013 ఫిబ్రవరి 4న ఇంకో సంగతి జరిగింది. న్యూయార్క్ టైమ్స్‌తో సహా ఎన్నో పేరున్న సైట్ల మీద క్రోమ్‌లో ఎర్రపేజీ వచ్చింది. కారణం నెట్‌సీర్ అనే ప్రకటనల కంపెనీ. దాని సొంత వెబ్‌సైటులోకి దొంగలు చొరబడ్డారు. ప్రకటనలు పంపే యంత్రాలు బాగానే ఉన్నాయని కంపెనీ చెప్పింది. కానీ రెండిటికీ డొమైన్ పేరు ఒక్కటే. ఆ పేరు జాబితాలో చేరగానే, వాళ్ల ప్రకటన ఉన్న ప్రతి సైటుకీ హెచ్చరిక తగులుకుంది.

ఆ రోజుల్లో ఎర్రపేజీ మీద ఉన్న వాక్యాన్ని గమనించండి. ఫలానా సైటులో ఫలానా ఇంకో సైటు నుంచి వచ్చిన భాగాలున్నాయి, ఆ రెండో సైటులో మాల్‌వేర్ ఉన్నట్టు కనపడుతోంది అని రాసి ఉండేది. పత్రిక పేరు, ప్రకటనల కంపెనీ పేరు రెండూ విడివిడిగా చెప్పారు. పత్రికవాళ్లు దోషులని అనలేదు. రెండోవాళ్లని కూడా 'ఉంది' అని తేల్చేయలేదు, 'ఉన్నట్టు కనపడుతోంది' అన్నారు. ఎంతో తొందరలో, ఎవరూ కూర్చుని రాయకుండా యంత్రం నింపే వాక్యంలో ఇంత న్యాయం చూపించారు. మన వార్తాపత్రికల శీర్షికల్లో కూడా ఇంత జాగ్రత్త ప్రతిసారీ ఉండదు.

హెచ్చరిక తయారైంది. జనం వింటారా? చాలాకాలం పరిశోధకుల్లో, ఇంజినీర్లలో ఒక నమ్మకం పాతుకుపోయి ఉండేది. జనం హెచ్చరికల్ని చదవరు, కనపడ్డది నొక్కేసి ముందుకెళ్తారు అని. 2013లో దేవదత్త అఖావే, ఏడ్రియన్ పోర్టర్ ఫెల్ట్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని నిజంగా లెక్కేశారు. ఫైర్‌ఫాక్స్, క్రోమ్‌లలో కనపడిన రెండున్నర కోట్లకు పైగా హెచ్చరికల లెక్క అది. మాల్‌వేర్ హెచ్చరికను పట్టించుకోకుండా ముందుకెళ్లినవాళ్లు ఫైర్‌ఫాక్స్‌లో 7.2 శాతం, క్రోమ్‌లో 23.2 శాతం. అంటే ఎక్కువమంది విన్నారు. వినలేదన్న నింద జనం మీద వేసినవాళ్లు తప్పు. అదే క్రోమ్‌లో సైటు సర్టిఫికెట్ సరిగా లేదని చెప్పే వేరే హెచ్చరికను మాత్రం 70 శాతం మంది దాటేశారు. మనుషులు అవే మనుషులు. తేడా హెచ్చరిక రాసిన తీరులో, కనపడే తీరులో ఉంది. హెచ్చరిక పనిచేయకపోతే దాన్ని రాసినవాళ్లే మళ్లీ రాయాలన్న పట్టుదలతో ఫెల్ట్ బృందం తర్వాతి ఏళ్లలో పనిచేసింది.

వాళ్లు చేసిన మార్పుల్ని తెర మీద ఒక్కొక్కటీ చూడవచ్చు. సాంకేతిక పదాలు తీసేసి మామూలు మాటలు పెట్టారు. ఏం పోతుందో పేర్లతో చెప్పారు: ఫొటోలు, పాస్‌వర్డులు, మెసేజీలు, కార్డులు. భద్రమైన దారికి పెద్ద బటన్ ఇచ్చారు. ప్రమాదమైన దారిని మూసేయలేదు, కానీ ముందుకు తేలేదు. 'డీటెయిల్స్' నొక్కితే వివరం తెరుచుకుంటుంది, ఆ వివరం చివర చిన్న అక్షరాల్లో ముందుకెళ్లే లింకు ఉంటుంది. ముందుకెళ్లాలనుకున్న మనిషి దారిలో ఆ వివరాన్ని దాటి వెళ్లక తప్పదు. పేజీ తన అభిప్రాయం స్పష్టంగా చెబుతుంది, ఆఖరి నిర్ణయం మాత్రం మనకే వదిలేస్తుంది. పెద్దమనిషి తరహా ఇది.

ఆ వివరంలోని ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మామూలుగా భద్రంగా ఉండే సైట్లకు కూడా ఒక్కోసారి మాల్‌వేర్ సోకుతుంది అని దాని భావం. ఈ ఒక్క వాక్యం విలువ తెలియాలంటే 2014లో వచ్చిన ఇంకో పరిశోధన సంగతి చెప్పాలి. అంతకుముందు ఎన్నడూ వెళ్లని సైటు మీద హెచ్చరిక వస్తే జనం దాదాపు ఎప్పుడూ వింటున్నారు. రోజూ వెళ్లే సైటు మీద వస్తే మాత్రం చెప్పలేం, కొన్ని రోజుల్లో సగానికి పైగా హెచ్చరికల్ని దాటేస్తున్నారు. నిన్న బాగానే ఉంది కదా, ఇవాళేమైంది అన్నది వాళ్ల ఆలోచన. ప్రకటనల ద్వారా వచ్చే మాల్‌వేర్‌కి కావలసింది సరిగ్గా ఈ నమ్మకమే. నిన్నటి ప్రకటన వేరు, ఇవాళ్టి ప్రకటన వేరు. పేజీ మాత్రం అదే. చూసేవాళ్ల మనసులో మెదిలే ఆ సందేహానికి ఆ వాక్యం ముందుగానే జవాబిస్తుంది. హెచ్చరికలు రాయడం ఇంత నిశితమైన విద్య.

ఇప్పుడు మన ఊరి పని గురించి. ఈ రంగంలో హైదరాబాద్‌కి సొంత చేవ్రాలు ఉంది. కేంద్రప్రభుత్వ సంస్థ సీ-డాక్‌కి ఇక్కడ ఒక కేంద్రం ఉంది. అక్కడివాళ్లు 'బ్రౌజర్ జేఎస్‌గార్డ్' అనే పరికరాన్ని తయారుచేశారు. బ్రౌజర్‌కి తగిలించుకునే ఎక్స్‌టెన్షన్ అది. 2014లో దాని మీద పరిశోధన పత్రం ప్రచురించారు. 2017 ఫిబ్రవరి 21న కేంద్రప్రభుత్వం 'సైబర్ స్వచ్ఛతా కేంద్ర'ను ప్రారంభించినప్పుడు ప్రజలకు ఉచితంగా ఇచ్చిన పరికరాల్లో ఇదీ ఒకటి. దీంతోపాటు ఇచ్చిన యూఎస్‌బీ ప్రతిరోధ్, యాప్ సంవిద్, ఎం-కవచ్ కూడా హైదరాబాద్ సీ-డాక్ చేతుల మీదుగా వచ్చినవే.

జేఎస్‌గార్డ్ పట్టిన దారి వేరు. సేఫ్ బ్రౌజింగ్‌కి ఆధారం జాబితా. జాబితాలో లేని కొత్త దొంగ దానికి దొరకడు. జేఎస్‌గార్డ్ పేజీ నడవడికను చూస్తుంది. పేజీలో ఉన్న హెచ్‌టీఎంఎల్ ట్యాగులు ఏమిటి, జావాస్క్రిప్ట్ ఏం చేయబోతోంది అని అక్కడికక్కడే పరిశీలిస్తుంది. కంటికి కనపడనంత చిన్న ఐఫ్రేమ్ ఎందుకు పెట్టారు? ఇంత కోడ్‌ని గిలికి ఎందుకు దాచారు? ఈ పేజీతో సంబంధం లేని సైటుకి దారి ఎందుకు మళ్లిస్తున్నారు? ఇలాంటి లక్షణాలు చూసి లోకంలో ఇంకెవరూ ఫిర్యాదు చేయకముందే అనుమానించడం దీని పద్ధతి. 2006 నాటి ఆ ప్రకటనల గొలుసులో ఏ లంకె దగ్గర అనుమానించాలో ఈ పద్ధతికి తెలుసు. అనుమానం వస్తే హెచ్చరిస్తుంది. అంతటితో ఆగకుండా ఆ పేజీలో తాను ఏం చూసిందో వివరంగా నివేదిక కూడా ఇస్తుంది. ఆ నివేదిక మామూలు వాడుకరికి బరువే. లక్షణాన్ని బట్టి అనుమానించేవాళ్లు అప్పుడప్పుడు మంచివాళ్లనీ అనుమానిస్తారు, అదీ నిజమే. కానీ కంప్యూటర్ సైన్స్ చదివే విద్యార్థికి ఆ నివేదిక పాఠం. క్యాంపస్‌లోని ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో ఇలాంటి నివేదికలు ముందు పెట్టుకుని, ఏ లైను వల్ల అనుమానం వచ్చిందో వేలుపెట్టి చూపిస్తూ చెప్తే ఒక సెమిస్టర్ భద్రతా పాఠాలకన్నా ఎక్కువ ఎక్కుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

నడవడికను చూసే కాపలా ఎందుకు కావాలో మన తెలుగు నేల మీదే రుజువైంది. 2018 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ పురపాలక శాఖ డైరెక్టర్, తిరుపతి నగరపాలక సంస్థ, మాచర్ల పురపాలక సంఘం వెబ్‌సైట్లలో గుట్టుగా నడుస్తున్న కోడ్ బయటపడింది. స్వతంత్ర భద్రతా పరిశోధకులు దాన్ని పట్టుకున్నారు. ఇంటిపన్నుకో జనన ధ్రువపత్రానికో సైటు తెరిచిన మనిషి కంప్యూటర్ శక్తిని వాడుకుని ఎవరికో క్రిప్టో నాణేలు తవ్విపెట్టే కోడ్ అది. ఆ రోజుల్లో ఇలాంటి వాటికి కాయిన్‌హైవ్ అనే సర్వీసు పేరుపడింది. 2017లో మొదలై 2019 మార్చిలో మూతపడింది. ఈ కోడ్ ఫైళ్లు దోచుకోదు. కంప్యూటర్ వేడెక్కుతుంది, నెమ్మదిస్తుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. ప్రభుత్వ సైటు కాబట్టి ఎవరూ అనుమానించరు, జనం ఎక్కువగా వస్తారు. ఆ రెండు కారణాల వల్లే దొంగలు వాటిని ఎంచుకున్నారు.

జాబితా పద్ధతి కూడా ఆగిపోలేదు. బ్రౌజర్లోని జాబితాను అరగంటకో గంటకో ఒకసారి కొత్తది చేసేవారు. దొంగ సైట్లలో సగటు సైటు పది నిమిషాలైనా బతకడం లేదని గూగుల్ గమనించింది. జాబితా వచ్చేలోగా దొంగ పని ముగించుకుని పోతున్నాడు. కాబట్టి 2024 మార్చిలో క్రోమ్‌లో పద్ధతి మార్చారు. తెలిసిన మంచి సైటు అయితే మన దగ్గరే తేలిపోతుంది. లేకపోతే హ్యాష్ ముక్కను అప్పటికప్పుడు సర్వర్‌కి పంపి అడుగుతారు. మరి రహస్యం సంగతి? మధ్యలో ఫాస్ట్‌లీ అనే వేరే కంపెనీ సర్వర్ పెట్టారు. ముక్కకు తాళం వేసి ఆ మధ్యవర్తికి ఇస్తారు. అడుగుతున్నది ఎవరో మధ్యవర్తికి తెలుసు, ఏం అడిగారో తెలియదు. ఏం అడిగారో గూగుల్‌కి తెలుసు, అడిగింది ఎవరో తెలియదు. వేగం కోసం పాత నియమాన్ని వదిలేసి ఉండవచ్చు. వదలకుండా ఇంకో దారి వెతికారు. పదిహేనేళ్లకు పైగా నడిచిన యంత్రాన్ని విప్పి మళ్లీ కట్టేటప్పుడు కూడా మొదటి నియమం చెడనివ్వలేదంటే, ఆ పనివాళ్లకు చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది.

ఒక్క ప్రమాదం గురించి చెప్పి ముగిస్తాను. ఎర్రపేజీకి ఇంత నమ్మకం వచ్చాక దొంగలు దాన్నే అనుకరించడం మొదలుపెట్టారు. ప్రకటనలోంచి తెరంతా పరుచుకునే ఎర్రటి, నీలిరంగు పేజీలు వస్తాయి. మీ కంప్యూటర్ లాక్ అయింది, వెంటనే ఈ నంబరుకి ఫోన్ చేయండి అంటాయి. అలారం మోగుతుంది, సెకన్లు వెనక్కి లెక్కపెడుతుంటాయి. రెండిటికీ తేడా తెలుసుకోవడం కష్టం కాదు. అసలు ఎర్రపేజీ ఫోన్ నంబరు ఇవ్వదు. ఏదీ డౌన్‌లోడ్ చేయమనదు. డబ్బు అడగదు. శబ్దం చేయదు. వెనక్కి వెళ్లే దారిని ఎప్పుడూ కళ్లెదుటే ఉంచుతుంది. నకిలీది ఆ దారినే దాచిపెడుతుంది. నకిలీ పేజీ వస్తే ఆ ట్యాబ్ మూసేయండి, మూతపడకపోతే బ్రౌజర్‌నే ఆపేయండి. ఎవరికీ ఫోన్ చేయొద్దు.

నెట్ సెంటర్ నడిపేవాళ్లకు, ల్యాబులు చూసుకునేవాళ్లకు నా విన్నపం ఒకటి. క్రోమ్ సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ' తెరిచి 'సేఫ్ బ్రౌజింగ్' దగ్గర రక్షణ తీసేసి ఉందేమో ఇవాళే చూడండి. ఏదో ఫైలు దిగడం లేదని ఎప్పుడో ఎవరో తీసేసి, మళ్లీ పెట్టడం మరిచిపోయి ఉండవచ్చు. బ్రౌజర్‌ని ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల జాతీయ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని మీ దగ్గరికి వచ్చే పిల్లలకు చెప్పండి. ఆ నంబరు మీ గోడ మీద రాసి ఉంటే ఇంకా మంచిది.